తిండి దొరికిన ఈస్టే ఓడిపోయింది: పర్లాకిమిడి బేకరీలో ఒక వేసవి కేసు

ఏప్రిల్ మూడో వారంలో పర్లాకిమిడి నుంచి ఫోను వచ్చింది. "బ్రెడ్డు బాగానే వస్తోందమ్మా, తీపి బన్ను మాత్రం లేవడం లేదు. పిండి చేతికి అంటుకుని జారిపోతోంది. ఈస్టు కల్తీదేమో, ఒకసారి వచ్చి చూడండి" అని బేకరీ యజమాని అడిగారు. బన్ను వాళ్లకు ప్రాణం లాంటి సరుకు. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ల టీకొట్లకు వెళ్లేది అదే. పది రోజులుగా సగం ట్రేలు అమ్మకానికి పనికిరాకుండా పోతున్నాయట.

నేను సూక్ష్మజీవశాస్త్రం చదువుకున్నదాన్ని. శ్రీకాకుళం జిల్లాలోనూ, అవతల గజపతి, గంజాం జిల్లాల్లోనూ చిన్న బేకరీలకు సలహాలు ఇస్తూ తిరుగుతుంటాను. ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయడానికి కారణం ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తప్పు చెప్పాను. ఒక పరీక్షను గుడ్డిగా నమ్మడం వల్ల ఆ తప్పు జరిగింది. ఇప్పటికీ చాలా బేకరీల్లో ఈస్టు బాగుందో లేదో తేల్చేది ఆ పరీక్షే.

పర్లాకిమిడి గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. 1936లో ఒడిశా విడిగా ఏర్పడే దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఇక్కడే. బేకరీ బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. లోపల మాటలన్నీ తెలుగే. పిండి కలిపే కుర్రాళ్లు ఇద్దరు కొండ మీది సవర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు మూడు భాషలూ వచ్చు. ఈస్టు కణంలో జరిగే సంగతులను ఎవరికైనా అర్థమయ్యే మాటల్లో చెప్పాలని ఈ ఊళ్లో అడుగుపెట్టినప్పుడల్లా నాకు మరీ గట్టిగా అనిపిస్తుంది.

మొదటి రాక

బేకరీ మాస్టరు గారికి అరవై దాటాయి. బరంపురంలో భట్టీల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చారు. ఆయన తీపి బన్ను లెక్క ఇది: పది కిలోల మైదాకు రెండు కిలోల రెండు వందల గ్రాముల పంచదార, 120 గ్రాముల ఉప్పు, ఐదు లీటర్ల నీళ్లు, 400 గ్రాముల ఈస్టు దిమ్మ. దిమ్మ అంటే పొడి ఈస్టు కాదు. సబ్బుబిళ్లలా అరకిలో ముక్కలుగా వచ్చే తడి ఈస్టు. అందులో దాదాపు 70 శాతం నీరే ఉంటుంది. బన్ను లేవడం లేదని ఆయన ఈస్టును ఆరువందల గ్రాములకు పెంచారు. బన్నుకు ఈస్టు వాసన వచ్చింది తప్ప పొంగు రాలేదు.

నేను చేసింది అందరూ చేసేదే. గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు పంచదార, కొంచెం ఈస్టు కలిపి పెట్టాను. పది నిమిషాల్లో నురగ గ్లాసు అంచు దాటింది. "చూశారా అమ్మా, ఈస్టు బతికే ఉంది" అన్నారు మాస్టరు గారు. అది నిజమే. ఈస్టు బతికే ఉంది కనుక లోపం మైదాలో ఉందని, దానిలో బంక తక్కువగా ఉండి పిండి జారుతోందని తేల్చేశాను. మైదా మార్చమని చెప్పి బస్సెక్కాను. కొత్త మైదా బస్తాకు ఎక్కువ డబ్బు పోసి తెప్పించారు. ఐదో రోజు మళ్లీ ఫోను వచ్చింది. ఏమీ మారలేదు.

ఆ గ్లాసు పరీక్షలో లోపం ఏమిటో తరువాత గానీ నాకు తట్టలేదు. చెంచాడు పంచదార కలిపిన నీళ్లు ఈస్టుకు అత్తవారింటి భోజనం లాంటివి. అక్కడ ఎవరైనా హుషారుగానే ఉంటారు. అదే ఈస్టును తీపి బన్ను పిండిలో వేస్తే దాని పరిస్థితి వేరు. నేను పరీక్షించిన చోటు ఒకటి, అది పనిచేయవలసిన చోటు మరొకటి.

రెండో రాక: దిమ్మ వెంట నడిచాను

ఈసారి దిమ్మ బస్సు దిగే వేళకు చేరుకుని, మర్నాడు తెల్లవారేదాకా బేకరీలోనే ఉన్నాను. దిమ్మలు బరంపురం నుంచి మధ్యాహ్నం బస్సులో, సామాన్ల అరలో, అట్టపెట్టెలో వస్తాయి. పెట్టె విప్పి దిమ్మ నడుమ థర్మామీటరు గుచ్చాను. 39 డిగ్రీలు చూపించింది. బయట నీడలో 37 ఉంది. నాకు ఆ రెండు డిగ్రీల తేడా ముఖ్యం. ఎండ మాత్రమే కారణమైతే దిమ్మ నడిమి భాగం బయటికంటే వేడిగా ఉండదు. ఆ వేడి ఈస్టుదే. దిమ్మలోని కోట్లాది కణాలు ఊపిరి పీల్చుకుంటూ, తమలో దాచుకున్న పిండిపదార్థాలను తామే కాల్చుకుంటున్నాయి. వేడెక్కేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర నిద్రపోవలసిన సరుకు సగం పూట ఇలా తనను తాను తింటూ వచ్చింది. సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టారు గానీ, దగ్గర దగ్గరగా పేర్చిన దిమ్మల నడిమి భాగం చల్లబడటానికి రాత్రి చాలా పట్టింది.

పది గంటలకు మాస్టరు గారు తన పని మొదలుపెట్టారు. మేడ మీది ట్యాంకు నుంచి బకెట్టెడు నీళ్లు పట్టారు. చీకటి పడి మూడు గంటలైనా ఆ నీళ్లు 41 డిగ్రీలు ఉన్నాయి. అందులో రెండు గుప్పెళ్ల పంచదార వేసి, ఈస్టు చిదిపి కలిపి, మూతపెట్టి మూడు పావుల గంట ఉంచారు. మూత తీస్తే తెల్లని నురగ. నురగ రానిదే పిండి కలపకూడదని ఆయన గురువు చెప్పారట. ఆ తరువాత మైదా, మొత్తం పంచదార, మొత్తం ఉప్పు మిక్సర్‌లో పడ్డాయి, వాటి మీద నురగ నీళ్లు పోశారు. ముద్ద కలిసేసరికి దాని వేడి 38 డిగ్రీలు దాటింది. మొదటి పావుగంట పొంగింది, ఆపైన ఆగిపోయింది.

అక్కడే బల్ల మీద కూర్చుని ఒక లెక్క వేశాను. మొదటి రాకలోనే వేయవలసిన లెక్క అది. పిండిలోని నీళ్లు ఎంత చిక్కని ద్రావణం? సాదా బ్రెడ్డులో కిలో మైదాకు 40 గ్రాముల పంచదార, 18 గ్రాముల ఉప్పు, 600 గ్రాముల నీళ్లు. నీటిని బయటికి లాగే శక్తిని, అంటే ద్రవాభిసరణ పీడనాన్ని లెక్కగడితే అది సముద్రపు నీటికంటే కాస్త ఎక్కువ. అంటే రోజూ తినే బ్రెడ్డు పిండిలో కూడా ఈస్టు గోపాల్‌పూర్ సముద్రంలో ఈదుతున్నట్టే. తీపి బన్నులో కిలోకు 220 గ్రాముల పంచదార, 12 గ్రాముల ఉప్పు, 500 గ్రాముల నీళ్లు. కలిపిన క్షణానే అది రెండు సముద్రాల చిక్కదనం. అక్కడితో ఆగదు. ఈస్టు కణం గోడలో ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. పంచదార అణువును అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండుగా విరుస్తుంది. 1913లో మైకేలిస్, మెంటెన్ ఎంజైముల వేగానికి సూత్రం కట్టింది ఈ ఎంజైము మీదే. ద్రావణం లాగే శక్తి అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది. ఒకటి రెండైతే పీడనం కూడా పెరుగుతుంది. పంచదార అంతా విరిగేసరికి ఆ పిండి మూడు సముద్రాలకు సమానం. ఈస్టు తన గోతిని తానే లోతు చేసుకుంటుందన్నమాట.

బ్రెడ్డు బాగుండి బన్ను పాడవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. అలసిన ఈస్టుకు ఒక సముద్రం ఈదే సత్తువ మిగిలింది. మూడు ఈదే సత్తువ లేదు.

కణం లోపల

ఈస్టు కణం కాళ్లూ చేతులూ లేని జీవి. ఎండ వస్తే నీడకు పోలేదు, ఉప్పు తగిలితే పక్కకు జరగలేదు. ఉన్న చోటే ఉండి తన లోపలి సరంజామాను మార్చుకోవడం ఒక్కటే దానికున్న దారి. ఆ మార్పు ఎంత పెద్దదో 2000లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు చూపించారు. వేడి, చిక్కని ద్రావణం, ఆకలి, ఆమ్లజని విషప్రభావం, ఇలా ఒకదానితో ఒకటి పొంతన లేని బాధలు పెట్టి చూసినా, ఈస్టులోని సుమారు ఆరు వేల జన్యువుల్లో దాదాపు 900 జన్యువులు ఒకే తీరుగా స్పందించాయి. మూడు వందల దాకా పెరిగాయి, అవి రక్షణ పనులవి. ఆరు వందల దాకా తగ్గాయి, అవి పెరుగుదల పనులవి. వరద వార్త వినగానే ఊడ్పులు ఆపి గట్టు మీదికి పరుగెత్తే ఊరు లాగా. ఈ రక్షణ జన్యువుల్లో చాలావాటిని మేల్కొలిపేవి ఎమ్‌ఎస్‌ఎన్2, ఎమ్‌ఎస్‌ఎన్4 అనే రెండు ప్రోటీన్లు. కష్టం వచ్చినప్పుడు అవి కేంద్రకంలోకి వెళ్తాయి. గ్లూకోజ్ సమృద్ధిగా దొరికితే బయటికి వచ్చేస్తాయి.

ఈ కేసుకు కీలు ఆ చివరి వాక్యమే. గ్లూకోజ్ దొరికితే ఈస్టు తన కవచం విప్పేస్తుంది.

ఆ కవచంలో పెద్ద భాగం ట్రెహలోజ్ అనే చక్కెర. రెండు గ్లూకోజ్‌లు ముడిపడితే ట్రెహలోజ్. ఆకలిగా ఉన్న ఈస్టు దాన్ని కూడబెడుతుంది. నీరు పోయినప్పుడు ప్రోటీన్లు, పొరలు ముడుచుకుపోకుండా అది అడ్డం నిలుస్తుంది. ఈస్టు తయారుచేసే కర్మాగారాల్లో చివరి గంటల్లో తిండి తగ్గించేది ఇందుకే. నిండా ట్రెహలోజ్ పట్టిన కణం దిమ్మలోనైనా, పొడిగా ఆరబెట్టినా తట్టుకుంటుంది. అదే కణానికి పంచదార నీళ్లు చూపిస్తే, కొన్ని నిమిషాల్లోనే ట్రెహలోజ్‌ను కరిగించే ఎంజైము పని మొదలవుతుంది. మంచి రోజులు వచ్చాయి, ఇక పెరగవచ్చు అనుకుని అది దాచుకున్నదాన్ని ఖర్చుపెడుతుంది. మూడు పావుల గంట తరువాత బకెట్టులో మనకు కనిపించే నురగ, కవచం విప్పేసిన ఈస్టు ఊదిన గాలి.

మాస్టరు గారికి ఇది చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "కల్లు కుండ కడగరు అమ్మా. అడుగున మడ్డి ఉంటేనే మర్నాటి కల్లు పులుస్తుంది. ఆ మడ్డికి రాత్రంతా తిండి ఉండదు. అయినా చావదు." అంతకంటే బాగా నేను చెప్పలేను. కొండ మీది జీలుగు చెట్టు కింద కుండలోనైనా, తాటి చెట్టు మీది కుండలోనైనా జరిగేది అదే. చక్కెర అయిపోయాక మడ్డిలో మిగిలిన ఈస్టు ఆకలితో మొండిదేరి కూర్చుంటుంది.

ఇక మూడు సముద్రాల సంగతి. చిక్కని పిండిలో పడగానే కణంలోని నీరు బయటికి పోతుంది, కణం చూస్తుండగానే చిక్కిపోతుంది. పొర మీది కాపలా ప్రోటీన్లు ఆ బిగువు తగ్గడాన్ని పసిగట్టి లోపలికి వార్త పంపుతాయి. వార్త అందుకునే చివరి ఉద్యోగి పేరు హాగ్1. 1993లో కనుగొన్నారు. కొద్ది నిమిషాల్లో అది కేంద్రకంలోకి చేరి, నీటిని లోపల పట్టి ఉంచే గ్లిజరాల్ అనే పదార్థం తయారీకి ఉత్తర్వులు ఇస్తుంది. ఈలోగా పొరలోని ఎఫ్‌పీఎస్1 అనే కిటికీ మూసుకుంటుంది, చేసిన గ్లిజరాల్ బయటికి కారిపోకుండా. లోపల గ్లిజరాల్ నిండేకొద్దీ పోయిన నీరు తిరిగి వస్తుంది, కణం మళ్లీ నిండుతుంది. దీనికి కొంత సమయం, కొంత పెట్టుబడి కావాలి. గ్లిజరాల్‌గా మారిన చక్కెర నుంచి బొగ్గుపులుసు వాయువు రాదు. అంటే తీపి పిండిలో ఈస్టు తిన్నదాంట్లో కొంత భాగం బన్నును లేపడానికి కాక తన ప్రాణానికే పోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఈస్టు కూడా తీపి పిండిలో నెమ్మదిగా పనిచేసేది అందుకే. మాస్టరు గారి ఈస్టు దగ్గర ఆ పెట్టుబడే లేదు. బస్సులో సగం, బకెట్టులో మిగిలిన సగం ఖర్చయింది.

నాలుగు గ్లాసులు

ఊహ ఎంత బాగున్నా పరీక్షకు నిలవాలి. మొదటి రాకలో ఆ పాఠం నేర్చుకున్నాను. మర్నాడు బరంపురం వెళ్లి, డీలరు ఫ్రిజ్ నుంచి నేరుగా ఒక దిమ్మ తీసుకుని, మంచు సీసాల మధ్య థర్మోకోల్ పెట్టెలో తెచ్చాను. వచ్చేసరికి దాని నడుమ 7 డిగ్రీలు ఉంది. బస్సులో వచ్చిన దిమ్మ ఎటూ ఉంది. రెండింటిలోనూ సగం సగం ఈస్టును మాస్టరు గారి పద్ధతిలో పంచదార నీళ్లలో నానబెట్టాను, మిగతా సగాన్ని నేరుగా మైదాలో చిదిపాను. నాలుగింటితోనూ ఒకే తీపి పిండి కలిపి, ఒకే కొలత గ్లాసుల్లో ఒకే బరువు ముద్దలు పెట్టి, రబ్బరు బ్యాండుతో మట్టం గుర్తుపెట్టాను. గది ఒకటే, నీటి వేడి ఒకటే.

గంటన్నర తరువాత, చల్లగా వచ్చి నేరుగా కలిసిన ఈస్టు గ్లాసులో ముద్ద రెండింతలకు చేరువైంది. చల్లగా వచ్చి నానినది, బస్సులో వచ్చి నానకుండా కలిసినది, ఈ రెండూ ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగాయి. బస్సులో వచ్చి, ఆపైన నానినది రబ్బరు బ్యాండును వేలి మందం దాటింది, అంతే. రెండు దెబ్బల్లో ఏ ఒక్కటి తగిలినా బన్ను కుంటుతుంది, రెండూ తగిలితే పడిపోతుంది. మాస్టరు గారి బకెట్టు చలికాలమంతా ఎందుకు నేరస్థురాలు కాలేదో దీనితో తెలిసింది. అప్పుడు దిమ్మ చల్లగా వచ్చేది, నీళ్లూ చల్లగా ఉండేవి.

తెలిసిన కళాశాల నుంచి మైక్రోస్కోపు ఒక పూట అరువు తెచ్చుకుని మిథిలీన్ బ్లూ వేసి చూశాను. బతికిన కణం ఆ రంగును లోపల విరిచేసి తెల్లగా ఉంటుంది, చచ్చినది నీలంగా మిగులుతుంది. చల్లని దిమ్మలో నీలం అరుదు. బస్సు దిమ్మలో పదింటికి రెండు నీలంగా ఉన్నాయి. తీపి పిండి చిక్కదనంతోనే చేసిన చక్కెర నీళ్లలో వేశాక కూడా నీలం పెద్దగా పెరగలేదు, కణాలు మాత్రం ముడుచుకుని చిన్నవయ్యాయి. ఇది నాకు చాలా నచ్చిన దృశ్యం, ఎందుకంటే కేసు మొత్తం ఆ అద్దం కింద ఉంది. ఈస్టు చావలేదు, పని ఆపేసింది. "బతికి ఉంది" అని మాస్టరు గారు చెప్పినదీ నిజమే, "లేవడం లేదు" అని యజమాని చెప్పినదీ నిజమే.

పిండి జారడానికి కారణం ఆ పదింటిలో రెండు. చచ్చిన ఈస్టు నుంచి గ్లూటాథయాన్ అనే పదార్థం కారుతుంది. మైదాలోని బంకకు బిగువునిచ్చే గంధకపు ముడులను అది విప్పేస్తుంది. ఈస్టు మోతాదు ఆరువందలకు పెంచడంతో చచ్చిన కణాలూ అదే లెక్కన పెరిగి, పిండి మరింత జారింది. మైదాను నేను అన్యాయంగా నిందించాను.

ఒక మంచి ప్రశ్న

యజమాని కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. నేను చెబుతున్నదంతా విని ఒకటి అడిగాడు: "మేడమ్, కొద్దిగా వేడి తగిలితే ఈస్టు గట్టిపడుతుందని మా పుస్తకంలో ఉంది. మరి బస్సు వేడి దాన్ని ఎందుకు గట్టిపరచలేదు?"

ప్రశ్న సరైనదే. వేడి దెబ్బకు జన్యువులు స్పందిస్తాయన్న సంగతి 1962లో ఫెరుచ్చియో రిటోసా పండ్ల ఈగలో మొదట చూశారు. ఈస్టును 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆపైన 50 డిగ్రీలకు తీసుకెళ్తే, నేరుగా 50కి తీసుకెళ్లినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బతుకుతుంది. 1990లో సుసాన్ లిండ్‌క్విస్ట్ బృందం హెచ్‌ఎస్‌పీ104 అనే ప్రోటీను లేని ఈస్టు ఈ పాఠం నేర్చుకోలేదని చూపించింది. వేడికి ఉండకట్టిన ప్రోటీన్లను చిక్కు విప్పి తిరిగి పనిలో పెట్టేది ఆ ప్రోటీనే. ఒక బాధకు అలవాటుపడిన ఈస్టు మరో బాధను కూడా కొంత తట్టుకుంటుందన్నది కూడా నిజమే.

అయితే అవన్నీ కట్టడానికి సరుకు కావాలి. ప్రయోగశాలలో ఈస్టు తిండి ఉన్న నీళ్లలో ఉంటుంది, వేడి అరగంటే తగులుతుంది. కొత్త ప్రోటీన్లు, కొత్త ట్రెహలోజ్ చేసుకోవడానికి దానికి ముడిసరుకు ఉంది. దిమ్మలో బయటి నుంచి ఒక్క గింజ రాదు. పైగా వేడి గంటల తరబడి సాగుతుంది. కణం కవచం చేసుకోవడానికి కవచాన్నే కరిగించుకోవాలి. ఆకలిగొన్న ఈస్టు తన అవయవాలనే మూటగట్టి జీర్ణించుకునే తీరును కనిపెట్టినందుకే యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. కొంతకాలం ఆ ఉపాయం ప్రాణం నిలుపుతుంది, కానీ బన్నును లేపే బలం ఇవ్వదు. వ్యాయామం ఒంటికి మంచిదని తిండి లేనివాడి చేత పూటంతా మూటలు మోయిస్తే ఏమవుతుందో అదే ఇక్కడ అయింది.

అతని ప్రశ్న నాకు చికిత్సలో పనికొచ్చింది. బాధను కొద్దికొద్దిగా రుచి చూపిస్తే, తిండి కూడా అందుబాటులో ఉంటే, ఈస్టు సర్దుకుంటుంది. అయితే ఆ సర్దుబాటు బకెట్టులో కాదు, పిండిలోనే జరగాలి.

ఏం మార్చాం

దిమ్మ రవాణా మొదట. వారానికి ఒకసారి పెద్ద పెట్టె బదులు రెండుసార్లు చిన్న పెట్టె, థర్మోకోల్‌లో, కాగితం చుట్టిన మంచు సీసాలతో, రాత్రి బస్సులో. ఫ్రిజ్‌లో దిమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా మధ్య ఖాళీ వదలాలి. దీనికి అదనంగా అయిన ఖర్చు, పారేసిన రెండు మూడు ట్రేల ఖరీదుకు మించదని యజమాని లెక్కగట్టారు.

బకెట్టు విషయం మాస్టరు గారితో తేల్చుకోవడం అంత తేలిక కాలేదు. నురగ చూడనిదే ఆయనకు నిద్ర పట్టదు. ఆ నురగను నేను తప్పుపట్టలేదు. పూర్వం ఈస్టు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నాళ్లదో తెలియని రోజుల్లో నురగ చూడటం తెలివైన పనే. అందుకని గుప్పెడు ఈస్టుతో గ్లాసులో నురగ చూసుకోండి, ఆ గ్లాసు పిండిలో కలపకండి అని ఒప్పందం చేసుకున్నాం. మిగతా ఈస్టు అంతా పొడిపొడిగా చిదిపి మైదాలోకే పోతుంది.

పంచదార రెండు విడతలు. మొదట పావు వంతు పంచదార, సగం ఉప్పు, మైదా అంతా, నీళ్లన్నీ కలిపి అరగంట వదలాలి. ఆ పిండి సముద్రపు నీటి చిక్కదనానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ అరగంటలో ఈస్టు గ్లిజరాల్ నింపుకోవడం మొదలుపెడుతుంది. తరువాత మిగిలిన పంచదార, ఉప్పు, చివరగా నెయ్యి లేదా వనస్పతి. మిక్సర్‌కు ఒకసారి అదనంగా పని పడుతుంది, కరెంటు పోయే రాత్రుల్లో అది ఇబ్బందే. అయినా నాకు ఈ ఒక్క మార్పు మీదే అన్నింటికంటే ఎక్కువ నమ్మకం.

నీళ్లకు ఒక లెక్క గోడకు అంటించాం. ముద్ద 28 డిగ్రీలకు రావాలి. 28ని మూడుతో గుణిస్తే 84. అందులోంచి మైదా వేడి, గది వేడి, మిక్సర్ రాపిడి వేడి తీసేస్తే నీటి వేడి వస్తుంది. ఆ రాత్రి మైదా 36, గది 38, ఆ మిక్సర్ రాపిడికి మేము చూసుకున్నది 8. మిగిలింది 2 డిగ్రీలు. అంటే మంచునీళ్లే. కుండనీళ్లు 35 డిగ్రీలు ఉంటే, ఐదు లీటర్లలో సుమారు కిలోన్నర మంచు వేయాలి. సంతలో చేపలకు అమ్మే మంచు దిమ్మలు దగ్గర్లోనే దొరుకుతాయి. అవి వాడవద్దని, తాగే నీళ్లతో ఫ్రిజ్‌లో గడ్డకట్టించినదే వాడాలని గట్టిగా చెప్పాను.

తీపి పిండికి ప్రత్యేకంగా పెంచిన ఈస్టు కూడా మార్కెట్లో ఉంది. అందులో ఇన్వర్టేజ్ తక్కువ కనుక పంచదార నెమ్మదిగా విరుగుతుంది, పీడనం నెమ్మదిగా పెరుగుతుంది. అది ఎక్కువగా పొడి రూపంలోనే దొరుకుతుంది. మాస్టరు గారికి దిమ్మ మీదే మక్కువ. నేను పట్టుబట్టలేదు. దిమ్మ అందని రోజులకు కొన్ని పొట్లాలు తెచ్చి ఉంచమన్నాను.

నాలుగో రోజుకు బన్ను లేచింది. వారం తిరిగేసరికి ఈస్టు మోతాదు మళ్లీ నాలుగు వందల గ్రాములకు దిగింది. మే నెల మంటల్లో కూడా ట్రేలు వెనక్కి రాలేదు. పాత మైదాకే తిరిగి వెళ్లారు.

ఆగస్టులో మరో ఫోను

వానలకు బస్సులు ఆగి రెండు రోజులు దిమ్మ రాలేదు. పొడి ఈస్టు పొట్లాలు తీశారు. ఆ రాత్రి పిండి వేసవిలో కంటే ఘోరంగా జారిపోయిందని యజమాని కొడుకు ఫోను చేశాడు. ఏ నీళ్లలో కలిపారని అడిగాను. "మీరు చెప్పినట్టే మేడమ్, మంచునీళ్లలో" అన్నాడు.

తప్పు నా కాగితంలో ఉంది. పొడి ఈస్టులో నీరు అయిదు శాతం దగ్గరే ఉంటుంది. ఎండిన కణంలో పొర గడ్డకట్టిన నెయ్యిలా బిగుసుకుని ఉంటుంది. నీరు తగిలిన మొదటి క్షణాల్లో అది మెత్తబడి మళ్లీ అతుక్కోవాలి. 38, 40 డిగ్రీల నీటిలో అది త్వరగా జరుగుతుంది. మంచునీటిలో పొర బిగుసుకునే ఉండగా నీరు లోపలికి దూసుకుపోతుంది, పొర చిట్లిన చోట్ల నుంచి లోపలి సరుకు కారిపోతుంది. కారిన వాటిలో గ్లూటాథయాన్ ఒకటి. పిండి జారింది అందుకే. వేసవిలో దిమ్మను కాపాడిన మంచే వానల్లో పొడి ఈస్టును చంపింది.

పొడి ఈస్టును ముందు మైదాలో బాగా కలిపేసి, ఆ తరువాతే నీళ్లు పోయమన్నాను. మైదా చుట్టూ ఉంటే నీరు ఈస్టుకు నెమ్మదిగా, అంత చల్లగా కాకుండా అందుతుంది. మరీ చల్లని నీళ్లు అవసరమైన రోజున గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో, పంచదార లేకుండా, అయిదారు నిమిషాలు ఈస్టును నాననిచ్చి, దాన్ని విడిగా పోయాలి. మర్నాటి పిండి నిలబడింది.

సెప్టెంబరులో వెళ్లినప్పుడు చూస్తే, గోడ మీది కాగితంలో మంచునీళ్లు అన్న మాట పక్కన ఆ అబ్బాయి తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి ఎర్ర సిరాతో రాసి ఉంచాడు: దిమ్మకు మాత్రమే, పొడికి కాదు.